గొయ్యి అంచున వదిన

ఆ చెత్త షెడ్డులో అన్నదమ్ములిద్దరూ, వదినా పనిచేసేవాళ్లు. వదిన బెల్టు దగ్గర నిలబడి సీసాలూ డబ్బాలూ ఏరేది. తమ్ముడు అట్టలు నొక్కి మోపులు కట్టే యంత్రం నడిపేవాడు. అన్నను మాత్రం అందరూ ఇంజినీరు అని పిలిచేవాళ్లు. చదువు అంతంతమాత్రమే గానీ, మొరాయించిన యంత్రం ఏదైనా అతని చెయ్యి పడితే దారికొచ్చేది.

షెడ్డు వెనక తడిచెత్త కుప్పల నుంచి కారే నల్లనీళ్లు ఒక లోతైన సిమెంటు గోతిలోకి చేరేవి. ఆ మధ్యాహ్నం గోతిలో పంపు ఆగిపోయింది. కవరేదో చుట్టుకుని ఉంటుందంటూ అన్న మూత పక్కకు జరిపాడు. కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది.

"కాసేపు ఆగు అన్నయ్యా, ఈ కంపు పోనీ," అన్నాడు తమ్ముడు ముక్కు మూసుకుని.

"నా ముక్కు ఎప్పుడో రిటైరైపోయిందిరా," అని నవ్వుతూ అన్న నిచ్చెన దిగాడు.

సగం దిగాక తలెత్తి ఏదో అనబోయాడు. మాట బయటికి రాలేదు. చేతులు నిచ్చెన మీంచి వాటంతటవే జారిపోయాయి. నిద్ర ముంచుకొచ్చిన మనిషిలా కిందికి జారి, మోకాలిలోతు నీళ్లలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"అన్నయ్యా!" తమ్ముడు గొంతు చించుకుని అరిచి, నిచ్చెన మీద కాలు వేశాడు.

అంతలో ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని అతన్ని వెల్లకిలా పడలాగారు. అరుపు విని బెల్టు వదిలి పరిగెత్తుకొచ్చిన వదిన! గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండే మనిషి, అతని మీద బండరాయిలా కూర్చుంది.

"వదులు వదినా! అన్నయ్య చచ్చిపోతాడు!"

"లోపలున్నది విషం. దిగితే నువ్వూ పోతావు."

"ఊపిరి బిగబట్టి దిగుతా!"

"మొన్న షెడ్డులో జాగ్రత్తల పాఠం చెప్పడానికొచ్చిన ఆ పిల్ల ఏమంది? కాపాడదామని దిగినవాడే ముందు పోతాడనలేదూ?"

ఆ పాఠం రోజున పంచిన బిస్కెట్లు తప్ప అతనికి ఒక్క ముక్క గుర్తులేదు. పెనుగులాడాడు, తిట్టాడు. "నీ మొగుడే కదా లోపలున్నది! నీకసలు మనసుందా?" అని కూడా అనేశాడు. వదిన రెప్ప కూడా వెయ్యలేదు. అతన్ని అలాగే అదిమిపట్టి, షెడ్డు దద్దరిల్లేలా కేక పెట్టింది.

"ఎవరూ దిగొద్దు! ఫైరింజనుకు ఫోన్ చెయ్యండి! కవర్లు ఎగరగొట్టే బ్లోయరు తెండి. దాన్ని దూరంగా పెట్టి గొట్టం ఒక్కటే గోతిలోకి వదలండి!"

బ్లోయరు హోరుమంది. గొట్టం పాములా ఉబ్బి గోతిలోకి మంచిగాలి పోయసాగింది. కుప్పల మీంచి సంచులు లాగే పొడవాటి కొక్కెం కర్ర తెచ్చారు. వదిన అప్పుడు తమ్ముణ్ణి వదిలింది. "ఇప్పుడు నీ బలం చూపించు. పైనుంచే."

గోతి అంచున బోర్లా పడుకుని, తల మాత్రం వెనక్కి పెట్టి, తమ్ముడు కర్ర చాపాడు. కొక్కెం రెండుసార్లు జారింది. ఆ తర్వాత అన్న వేసుకున్న మెరుపుపట్టీల కోటు భుజానికి తగులుకుంది. "ఐసా" అంటూ అందరూ లాగారు. అన్న నెత్తి, భుజాలు, నల్లబురద కారుతున్న ఒళ్లు మెల్లగా వెలుతురులోకి వచ్చాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. వదిన అతని గడ్డం ఎత్తి పట్టుకుంది. రెండు క్షణాల తర్వాత అన్న ఛాతీ గుర్రుమని ఒక్కసారి లేచింది.

ఫైరింజనువాళ్లు ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు. ముక్కుకు ముందు కంపు తెలుస్తుందనీ, విషగాలి ఎక్కువైతే వాసన పట్టే ఆ శక్తే చచ్చిపోతుందనీ, అప్పుడు మనిషికి ప్రమాదం పోయిందనిపిస్తుందనీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. ఇన్నేళ్లూ తాము పీలుస్తున్న గాలిలో ఇంత కథ ఉందా అని తమ్ముడు నోరు తెరుచుకుని విన్నాడు.

కానీ అతని చూపు వదినను వదల్లేదు. వరండాలో బెంచీ మీద, ఎండిన బురద చీరతో, గోడకు తల ఆనించి కూర్చుంది. పక్కన కూర్చుని, "నిన్ను అనరాని మాటలన్నాను," అన్నాడు. "అంత ధైర్యం ఎక్కడిది వదినా నీకు?"

"ధైర్యమా!" ఆమె అతని వైపు తిరిగింది. అప్పుడు చూశాడు, ఆమె ఒళ్లంతా వణుకుతోంది. "నిన్ను పట్టుకోకపోతే నేనే దూకేసేదాన్ని రా. నీ చొక్కా దొరికింది గనక ఆగాను."

తమ్ముడు లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె చేతిలో నీళ్లు ఒలికిపోతుంటే, గ్లాసు తనే పట్టుకుని తాగించాడు.

అన్న బతికాడు. మనిషి మునుపటిలా లేడు. మాట మధ్యలో ఆగిపోతాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. యంత్రాల దగ్గర కుర్చీలో కూర్చుని ఏ నట్టు బిగించాలో చెబుతుంటాడు. గోతి మీద ఇప్పుడు తాళం వేసిన ఇనప జల్లెడ ఉంది. పంపును గొలుసుతో పైకి లాగే బాగుచేస్తారు. వదిన ఎప్పటిలాగే బెల్టు దగ్గర సీసాలు ఏరుతుంది. ఆమె అటుగా నడిచి వెళ్తే తమ్ముడు పని చేస్తున్నవాడల్లా లేచి నిలబడతాడు.

"ఏంట్రా ఇది, నేనేమైనా మంత్రినా?" అని ఆమె కసురుకుంటుంది.