తీసిన గీతలు

తెలంగాణ నుంచి సూరత్ పక్కన భేస్తాన్‌కు వలసొచ్చిన మగ్గాల మెకానిక్ అంబదాస్ చేతిలో పడ్డ ఇనుము మెరవకుండా బయటికి రాదు. దసరా పూజనాటికి మగ్గం అద్దంలా ఉండాల్సిందే. ఎక్కడైనా తుప్పు కనబడితే ఇంటి పరువు పోయినట్టు గింజుకుంటాడు. డాంగ్స్ అడవిలో ఒకప్పుడు టేకు దుంగలు లాగి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు పొదల్లో పడున్న చిన్న రైలింజన్‌ను సూరత్ మ్యూజియానికి తెచ్చినప్పుడు, బాగుచేసే పని అతనికే ఇచ్చారు. అసలే పొగడ్తకు పొంగే మనిషి, ఇక చెప్పాలా!

మ్యూజియం అధికారి భావనది విజయవాడ వైపు. ఫోన్‌లో చెప్పింది: "అంబదాస్ గారూ, డ్రైవరు నిలబడేచోట గోడమీద మేకుతో గీసిన గీతలున్నాయి. రంగు వేసేముందు అవన్నీ జాగ్రత్తగా తీసిపెట్టండి."

అంబదాస్ జాగ్రత్తగానే తీశాడు. గ్రైండర్ పెట్టి, ఒక్కటి మిగలకుండా.

ప్రారంభానికి ముందురోజు పొద్దున్నే మళ్లీ ఫోను. "గీతలు తీశారా?"

"తీసిన మేడం. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టలే."

"అయితే ఆ ఫొటోలు పంపండి. ట్రిప్పుకొకటి చొప్పున డ్రైవరు పెట్టుకున్న గీతలట. ఆయన కూతురు రేపు వాటికోసమే వస్తోంది."

అంబదాస్‌కు అప్పుడర్థమైంది. రోజంతా కెమెరా పట్టుకు తిరిగే ఆమెకు తీయడమంటే ఫొటో తీయడం. గ్రైండర్ పట్టినవాడికి తీయడమంటే తీసేయడమే. "నాకు గిట్ల సమజైంది మేడం" అని అప్పుడే అనుంటే పోయేది. అన్ని పొగడ్తలు పడ్డవాడికి ఆ ఒక్కమాట గొంతు దాటలేదు. "పంపుత" అన్నాడు. మేకు తెచ్చి తోచినన్ని గీతలు గీసి, నూనెమసి రుద్ది, ఫొటో పంపాడు.

మర్నాడు డ్రైవరు కూతురు సోమీబెన్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, డాంగ్స్‌లోని ఆహ్వా నుంచి బస్సులో వచ్చింది. చెయ్యి పట్టి ఇంజన్ ఎక్కిస్తే, ఒక్కో గీతనూ వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది.

"నేను పుట్టిననాటి గీతకు నాన్న అడ్డగీత కూడా పెట్టాడు. చిన్నప్పుడు ఎత్తుకుని చూపించేవాడు" అంది గుజరాతీలో.

మూడోసారీ వెతికింది. అందరూ తనకోసం ఆగారని నొచ్చుకుంటూ నవ్వింది. "కళ్లలో పొరలొచ్చాయి. నాకే కనబడటం లేదు."

"మీరు చూపించండి అంబదాస్ గారూ, మీకు తెలుసుగా" అంది భావన.

ఆ ముసలామె తప్పును తన కళ్లమీద వేసుకుంటోంది. తప్పు చేసినవాడేమో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్కన నిలబడ్డాడు. అంత సిగ్గు అంబదాస్ పుట్టి ఎరగడు.

"బా," అని అమ్మను పిలిచినట్టు పిలిచి, వచ్చీరాని గుజరాతీలో అన్నాడు, "మీ కండ్లకేం కాలే. గీతలే దొంగవి. అసలువి నేనే తీసేసిన."

సోమీబెన్ గోడమీద వేలు తీయకుండానే అతనివైపు తిరిగింది.

"తీసేసేముందు అడ్డగీత చూశావా నాయనా? ఎలా ఉంది?"

అంబదాస్ చూడలేదు.