బాయిలరుగారి మరదలు

ఆ లాండ్రీలో రెండు బాయిలర్లు ఉన్నాయని పనివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకటి వెనక షెడ్డులో నీళ్లు మరిగిస్తుంది, రెండోది ముందు గదిలో నిలబడి మనుషుల్ని మరిగిస్తుంది. ఈ రెండోది యజమానురాలు. ఆ పేరు చెవిన పడినా ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, "బాయిలరు ఆగిపోయిందంటే మీ బతుకులు తడిబట్టలే, గుర్తుపెట్టుకోండి" అని ఇంకో రెండు వడ్డించేది. పెళ్లి చేసుకోలేదు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. వ్యాను కొనిచ్చి, ఆసుపత్రికీ హోటళ్లకీ దుప్పట్లు చేరవేసే పని అప్పగించింది.

తమ్ముడి పెళ్లాం గడప దాటి లోపలికి రాగానే దానికి పిచ్చుక అని పేరు పెట్టేసింది. మనిషి పిడికెడు, నోట్లో నాలుక లేదు. "ఇది తడి దుప్పటి ఎత్తడమా? దుప్పటే దీన్ని ఎత్తుకుపోతుంది" అని పెదవి విరిచింది.

తీరా చూస్తే కథ వేరు. పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని, ఒక్క ఊపున లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. మాటలుండవు. అవతలి చెయ్యి అలిసిందో, అలిగిందో ఆ లాగుడులోనే తెలిసిపోతుంది. బాయిలరుతో జోడీ కట్టినవాళ్లంతా భుజాలు పట్టుకుని పారిపోయారు. పిచ్చుక ఒక్కతే నిలబడింది. పైకి అనలేదుగానీ, ఆ పిల్లంటే ఆవిడకి లోలోపల మహా గొప్ప.

పిచ్చుక నెల తప్పింది. బాయిలరు పట్టరాని సంబరంతో వారం రోజులు ఎవర్నీ తిట్టలేదు. పనివాళ్లు ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

ఆ సంబరం మొదటి స్కానింగు దాకానే. కుడి అండాశయం మీద నీటితిత్తి ఉందన్నారు. పిచ్చుకకి మిగిలింది ఆ ఒక్క అండాశయమే. ఎడమదాన్ని పెళ్లికి ముందే, ఇలాంటి తిత్తి ముదిరితే తీసేశారు. డాక్టరమ్మ నిదానస్తురాలు. "కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటివి చాలామందికి కనబడతాయి, చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి, కంగారు పడకండి" అంది. ఇది మాత్రం కరగలేదు. నాలుగో నెల వచ్చేసరికి నిమ్మకాయంత ఉన్నది బత్తాయంత అయింది.

"ఇది బరువెక్కి మెలిపడిందనుకోండి, అండాశయానికి నెత్తురందదు. అది చచ్చుబడిపోతే ఇంకో బిడ్డ ఆశ ఉండదు, ఉన్న బిడ్డకీ ముప్పే. అందుకే ఈ నెలలో తిత్తి ఒక్కటీ తీసేద్దాం, అండాశయాన్ని ఉంచేద్దాం. ఆపరేషనుకి ఇదే అనువైన సమయం. ఈలోగా ఒకపక్క పోటొచ్చి వాంతయితే మాత్రం క్షణం ఆగొద్దు, వచ్చేయండి" అంది డాక్టరమ్మ.

బాయిలరు ఒంటికాలి మీద లేచింది. "కడుపుతో ఉన్న పిల్ల మీద కత్తి పెడతారా? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు. కాన్పయ్యాక చూసుకుందాం!"

తమ్ముడు అక్క మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు, చివరికి తన చెప్పుల వంక చూసుకున్నాడు. పిచ్చుక, "వదిన చెప్పినట్టే కానివ్వండి" అంది. డాక్టరమ్మ ఇంకోసారి చెప్పి చూసింది. ఏం లాభం, బాయిలరు అప్పటికే సంచీ భుజాన వేసుకుంది.

లాండ్రీ వాళ్లకి ఒక జబ్బుంది, దానికో మందుంది. తడిబట్టలు ఎత్తీ ఎత్తీ పక్క పట్టేస్తుంది. ఇస్త్రీ ప్రెస్సులోంచి అప్పుడే తీసిన వేడి తువ్వాలు మడిచి అక్కడ అదిమితే వదిలేస్తుంది. ఆ ఇంట్లో కడుపునొప్పికైనా, కాలు బెణికినా అదే వైద్యం. ఓ రోజు పిచ్చుక మడతబల్ల మీద వంగి కుడిపక్క పట్టుకుంది. బాయిలరు పరుగున వేడి తువ్వాలు తెచ్చి కాపడం పెట్టింది. కాసేపటికి నొప్పి పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ తువ్వాలు, మళ్లీ పోయింది. "చూశావా? ఆ డాక్టరమ్మ మెలీ గిలీ అని హడలగొట్టింది. ఇది ఉత్త పక్కపట్టు! బరువులెత్తొద్దంటే వింటావా నువ్వు?" అని బాయిలరు విజయగర్వంతో నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది.

మూడో రోజు పొద్దున్న ఆసుపత్రి దుప్పట్లు మడుస్తున్నారు. తేలిక పనే, పరవాలేదని పిచ్చుక తనే వచ్చి నిలబడింది. బాయిలరు లాగింది. అవతలినుంచి లాగుడు రాలేదు. గుడ్డ ఒక్కసారి వదులైపోయి, వెంటనే వణికింది. తలెత్తి చూస్తే పిచ్చుక మొహంలో చుక్క నెత్తురు లేదు. అంచులు రెండూ గుప్పిట్లో బిగించి పట్టుకుని, పక్కకి తిరిగి బకెట్లో వాంతి చేసుకుంది.

బాయిలరు చెయ్యి అలవాటుకొద్దీ తువ్వాలు కోసం ప్రెస్సు వైపు వెళ్లింది.

"వద్దు వదినా." గొంతు పీలగా ఉందిగానీ మాట కుండ బద్దలు కొట్టినట్టుంది. "ఇది పక్కపట్టు కాదు. డాక్టరమ్మ చెప్పిందే ఇది. వేడి వద్దు, మంచినీళ్లు కూడా వద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఆయన్ని వ్యాను తియ్యమనండి. ఆసుపత్రికి మీరు ఫోన్ చెయ్యండి."

జన్మలో ఎవరి మాటా వినని మనిషి ఆ పిడికెడు పిల్ల చెప్పినవన్నీ చెప్పినట్టే చేసింది. వ్యాను వెనక దుప్పటి మూటల మధ్య మరదల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ నడుపుతున్నాడు. "మీరు ఏడవకండి, రోడ్డు చూడండి. రోజూ వెళ్లే దారేగా" అని పిచ్చుకే వెనకనుంచి ధైర్యం చెప్పింది. పళ్లు బిగించి, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. ఇంత గుండె ఈ పిచ్చుకలో ఎక్కడ పట్టిందో బాయిలరుకి అంతుపట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ 'అప్పుడే చెప్పానుగా' అనే మాట ఎత్తలేదు. స్కానింగు చూసి, "మెలిపడింది. వెంటనే విప్పాలి. అండాశయానికి మళ్లీ మామూలు రంగు వస్తే ఉంచుతాను, లేదంటే తీసేయక తప్పదు" అంది.

"నన్నడగండి, వాళ్లనడిగితే ఏడుస్తారు" అంది పిచ్చుక. "ఉంచడానికే చూడండి. కుదరకపోతే తీసేయండి. బిడ్డ నిలవాలి."

లోపలికి తీసుకెళ్లారు. బాయిలరు బయట బల్లమీద కూలబడింది. తమ్ముడు భుజంమీద తల పెడితే, "ఏడవకురా వెధవా" అని తనే ఏడ్చింది. ఆ రెండు తువ్వాళ్లూ తన చేతులతోనే పెట్టింది కదా! ఆ పిల్లకి ఏమైనా అయితే తను ఎవరి మొహం చూసి బతకాలి?

డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. "అండాశయం నల్లబడిపోయింది. మెలి విప్పేసి, కొయ్యకుండా ఆగి చూశాం. కాసేపటికి మామూలు రంగు వచ్చింది. తిత్తి ఒక్కటే తీసేశాను, అది క్యాన్సరు రకంలా కనబడలేదు, అయినా పరీక్షకి పంపుతున్నాం. ఆవిడ మెలకువలోకి రాగానే బిడ్డ గుండె వింటాం." బాయిలరు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. తిట్టడానికి వెతుక్కోకుండా దొరికే మాటలు, దణ్ణం పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

పిచ్చుక కళ్లు తెరిచేసరికి మంచం పక్కన వదిన ఒక్కతే ఉంది. తమ్ముడు కళ్లు తిరిగి పడితే ఎవరో బయట కూర్చోబెట్టారు.

"నాదే తప్పే పిల్లా" అంది బాయిలరు. ఆ నోట్లోంచి ఆ మాట రావడం అదే మొదలు. "డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను వినలా. వేడి తువ్వాళ్లు పెట్టి మురిసిపోయాను."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "మొదటి తువ్వాలప్పుడే నాకు తెలిసిపోయింది వదినా. పెళ్లికి ముందు వచ్చిన నొప్పి అదే, నేను మర్చిపోతానా? మళ్లీ ఆ ఆపరేషను బల్ల ఎక్కాలంటే ప్రాణం పోయినంత భయమేసింది. మీరు వద్దంటుంటే హాయిగా అనిపించింది. మీ మొండితనం వెనకాల దాక్కున్నాను, అంతే."

వ్యానులో ఈ పిల్ల మొగుడికి ధైర్యం చెప్పింది, డాక్టరమ్మకి జవాబు చెప్పింది, అంత భయాన్నీ పళ్లకింద నొక్కిపెట్టుకునా! భయమంటే తెలియని పిల్ల అనుకుని బాయిలరు ఇందాకటిదాకా మెచ్చుకుంది. ఇప్పుడు ఆ మెప్పు చాలా చిన్నదనిపించింది.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు. భయమేస్తే నాకు చెప్పు, ఇద్దరం కలిసి భయపడదాం."

"అయితే ఇప్పుడు వేస్తోంది వదినా. బిడ్డ గుండె ఇంకా వినలేదుగా."

"నాకూ వేస్తోందే" అంది బాయిలరు, ఆ చిన్న చెయ్యి తన రెండు చేతుల మధ్యకి తీసుకుని.

నర్సు వచ్చింది. పొత్తికడుపు మీద కట్టు తగలకుండా చల్లటి జెల్ రాసి, గుండె చప్పుడు వినే చేతిమిషను ఆనించింది. గరగరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. కాస్త ఇటు జరిపింది. ఏమీ లేదు. ఇంకాస్త కిందికి జరిపింది. గరగర వెనకాలనుంచి, పరుగెత్తుకొస్తున్నట్టు, టకటకా టకటకా మొదలైంది.

"అదేనా వదినా? అదేనా?"

"ష్, నోరు ముయ్యవే" అంది బాయిలరు, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే. "నన్ను విననీ."