పాలకొల్లు పెరుగు

ఆసుపత్రి నుంచి వచ్చాక పేర్రాజు కుడిచెయ్యి పాలలా పలచబడి మంచం అంచు మీంచి కారుతోంది. భార్య హైమ కింద స్టీలు గిన్నె పెడుతుంది. నిండగానే తీసుకెళ్లి మళ్లీ భుజం దగ్గర పోస్తుంది. మాటా అంతే, పెదవుల దాకా వచ్చి జారిపోతోంది.

చూడవచ్చిన డాక్టరమ్మ స్టెతస్కోపు గుండె మీద కాక పొట్ట మీద ఆనించి చాలాసేపు వింటుంది.

"పక్షవాతం దెబ్బ తలలోదేనండీ. కోలుకోవడానికి మాత్రం కడుపులోని సూక్ష్మజీవులు కావాలి. ఆసుపత్రి మందులకి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టున్నారు. లోపల అలికిడి లేదు."

"ఇప్పుడెక్కడుంటారండీ?"

"ఆయన చిన్నప్పుడు తిన్న పెరుగు ఇంకా ఎవరింట్లో తోడుకుంటోందో, వాళ్లింట్లో."

అది పాలకొల్లులో, ఆడపడుచు మాణిక్యం ఇంట్లో. అత్తగారి కుండలోని తోడు మాణిక్యం పెళ్లినాడు ఆవిడ వెంట వెళ్లింది. ఫ్రిజ్ కొన్న ఏడు హైమ ఆ కుండని పెరట్లో పారేసింది. అప్పటినుంచీ మాణిక్యం ఈ గడప తొక్కలేదు.

హైమ పాలకొల్లు వెళ్లేసరికి మాణిక్యం వంటింటి ఉట్టి మీద కుండ వేలాడుతోంది. మీగడ కింద ఎందరో గుసగుసలాడుకుంటున్నారు. అందరిదీ పేర్రాజు గొంతే, మీసాలు రాకముందుది.

"ప్యాకెట్ పెరుగు తినేవాళ్లకి తోడెందుకే?" అంటుంది మాణిక్యం.

"మీ తమ్ముడి చేతికి, వదినా."

"దీపాలు పెట్టాక తోడివ్వకూడదు." మాణిక్యం అగ్గిపెట్టెని కొంగున ముడేసుకుంటుంది. కిటికీలో పొద్దు దిగబోయి ఆగిపోతుంది. "తీసుకుపో. కానీ వీళ్లకి నువ్వు తెలీదే. నా తమ్ముడిగా లేస్తాడు. నీ మొగుడిగా లేస్తాడని నేను చెప్పలేను."

హైమ తెచ్చిన తోడుని చెంచాతో పేర్రాజు నోట్లో వేసి దుప్పటి కప్పుతుంది. కుడిచెయ్యి మెల్లగా గట్టిపడుతుంది, తెల్లగా, చల్లగా. మణికట్టు మీద మీగడ కడుతుంది.

అతను కళ్లు తెరిచి ఆమెను చూస్తాడు.

"మా అక్కేదండీ?"

హైమ అతని అరచేతిలోంచి చెంచాడు పెరుగు తీసుకుని మింగుతుంది. పక్కన పడుకుని తన ఎడమచెయ్యి అతని చేతికి ఆనిస్తుంది. అది పలచబడి అతని వేళ్ల సందుల్లోకి పాకుతుంది. ఆమె కడుపులో ఎవరో సామాను దించుకుంటున్న చప్పుడు.

"మీరెవరండీ?"

"తోడుకున్నాక తెలుస్తుంది. కదలకండి."

బయట పొద్దు ఇంకా దిగలేదు. ఇంటికప్పు మూతలా ఓ పక్కకి లేస్తుంది. సందులోంచి మాణిక్యం కన్ను లోపలికి చూస్తుంది. ఆవిడ ఇంటిని రెండు చేతులా పట్టుకుని గిన్నెని వంచినట్టు కాస్త వంచుతుంది. గోడలు, మంచం, ఇద్దరూ సన్నగా వణుకుతారు.

"ఇంకాసేపు," అని మూత పెట్టేస్తుంది.