సంద్రయ్యను లేపొద్దు

బాపట్ల స్టేషన్ రోడ్డులో రోహిత్‌కి జిరాక్స్ షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, టేబుల్ మీది కాగితాలు పక్కకు నెట్టి, నలుగురు ఆటకు కూర్చునేవారు. రెండేళ్లుగా నడుస్తున్న ఆట అది. బోర్డు లేదు, పావులు లేవు. ఇరవై ముఖాల పాచికలు, ఒక్కొక్కరి చేతిలో తమ పాత్ర వివరాలు రాసుకున్న కాగితం, అంతే. రోహిత్ కథ చెబుతాడు. సముద్రం, దీవులు, తుఫానులు, వెంటబడే రాజుగారి యుద్ధనౌకలు. మిగతా ముగ్గురూ ‘ఉప్పుపిట్ట’ అనే ఓడలో సముద్రపు దొంగలు. తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లే చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది.

నాగజ్యోతిది మసనమ్మ అనే మంత్రగత్తె పాత్ర. చచ్చినవాళ్లను లేపడం ఆమె విద్య. మునిగిపోయిన నావికులను పైకి రప్పించి తెడ్లు వేయించేది. శత్రువుల శవాలను శత్రువుల మీదికే నడిపించేది. లేచినవాళ్లు మాట్లాడరు, చెప్పిన పని చేస్తారు. లేపిన ప్రతిసారీ మసనమ్మ బలంలో ఒక పాయింటు తగ్గుతుందని రోహిత్ మొదట్లోనే నియమం పెట్టాడు. ఇరవైతో మొదలైన బలం ఇప్పుడు ఏడు దగ్గరకొచ్చింది.

“అక్కా, ఇంకో ఇద్దర్ని లేపవా? ఫిరంగుల దగ్గర మనుషులు చాలట్లేదు” అనేది తులసి. వ్యవసాయ కళాశాలలో పీజీ చదివే ఆ అమ్మాయి ఓడలో ఫిరంగులు పేల్చేది.

నాగజ్యోతి కాదనేది కాదు. ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఇల్లు తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో, హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున పాసింజరులో వెళ్లడం, సాయంత్రం పాసింజరులో రావడం. బడిలో పాఠం కన్నా పిల్లల అన్నం ఫోటో, హాజరు ఫోటో, మరుగుదొడ్ల ఫోటో తీసి ఫోన్లో ఎక్కించడానికే ఎక్కువ ఓపిక కావాల్సి వచ్చేది. ఆదివారం బాపట్ల బండెక్కి కిటికీకి తల ఆనిస్తే ముప్పావుగంట ఒళ్లు తెలిసేది కాదు. “ఉన్న ఒక్క సెలవూ ఆ ఆటకేనా?” అని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు.

ఆ ఓడకు కెప్టెన్ సంద్రయ్య. ఆ పాత్ర సీతారామాంజనేయులు గారిది. బాపట్ల కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరై, సొంతూరు రేపల్లె వెళ్లిపోయారు. వెళ్లేముందు పెన్షను కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికొచ్చి, వీళ్ల ఆట చూసి, “ఆ తుఫాన్లో తెరచాప దించకుండా కబుర్లేంటయ్యా?” అని కేకేశారు. ఆ రోజే ఆయన్ను కెప్టెన్ని చేశారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం రేపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. గొంతు మార్చి, కన్నొకటి మూసి మాట్లాడుతుంటే రోహిత్ కథ చెప్పడం మానేసి నవ్వేవాడు.

ఈమధ్య ఆయన ఆలస్యంగా వస్తున్నారు. మధ్యలో కునికిపాట్లు పడుతున్నారు. ఒక ఆదివారం ఆటలో రాజుగారి నౌకలు ఉప్పుపిట్టను మూడువైపులా చుట్టుముట్టాయి. ఆంజనేయులు గారు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

“మీరంతా పడవల్లోకి దిగండి. సంద్రయ్య ఓడలోనే ఉంటాడు. మందుగుండు గదికి నిప్పెడతాడు.”

“బాబాయ్ గారూ, చచ్చిపోతారు! పాచికెయ్యండి, తప్పించుకోవచ్చేమో” అన్నాడు రోహిత్.

“అక్కర్లేదయ్యా.”

ఓడ పేలిపోయింది. రాజుగారి నౌకలూ దాంతోపాటు మునిగాయి. తులసి కళ్లు తుడుచుకుంది గానీ వెంటనే తేరుకుంది. “ఏం పర్లేదు. వచ్చేవారం మసనమ్మ లేపేస్తుందిగా!”

ఆంజనేయులు గారు చెప్పులేసుకుని బస్సుకు వెళ్లిపోయారు.

ఆ గురువారం సాయంత్రం నాగజ్యోతి రేపల్లె బండిలో తెనాలిలో దిగింది. అదే బండి తిరిగి రేపల్లె వెళుతుంది. దానికోసం ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆంజనేయులు గారు కూర్చుని ఉన్నారు. ఆయన భుజం మీద తల వాల్చి ఒక ఆవిడ నిద్రపోతోంది. ఆమె చేతికి దూది పెట్టి ప్లాస్టరు వేసి ఉంది.

“మీ పిన్ని, చంద్రకళ” అన్నారాయన నెమ్మదిగా. “కిడ్నీలు పోయినయ్యమ్మా. నాలుగు నెలలైంది. మంగళ, గురు, శనివారాలు ఇక్కడ డయాలసిస్. మొన్నటిదాకా బస్సులో తిరిగేవాళ్లం.”

నాగజ్యోతి బ్యాగు కింద పెట్టి పక్కన కూర్చుంది. “మాకు చెప్పలేదేంటి బాబాయ్ గారూ?”

“చెబితే ఏం చేస్తారమ్మా? మొహాలు అదోలా పెడతారు. ఆ పిల్లాడు ఆటే ఆపేస్తాడు. మిగతా రోజులు మందులకీ పరీక్షలకీ తిరగడమే, ఒక్క ఆదివారమేనమ్మా నాకు నిద్రపోయే రోజు. మానేస్తానని చెప్పడానికి నోరు రాలా. అందుకని సంద్రయ్యను చంపేసుకున్నా.” ఆవిడ తల జారకుండా భుజం సర్దుకున్నారు. “నువ్వు మాత్రం లేపమాకమ్మా. వాళ్లకి చెప్పనూ చెప్పమాక.”

“అలాగే” అంది ఆమె.

వాళ్లిద్దరినీ బండెక్కించి, కిటికీ పక్కన సీటు చూపించి, అది కదిలేదాకా నిలబడింది.

ఆదివారం రోహిత్ కొత్త కథ సిద్ధం చేసి ఉంచాడు. కాలిన చెక్కల మధ్య సంద్రయ్య శరీరం తేలుతోంది. మసనమ్మ పడవలోంచి చెయ్యి చాపితే అందుతుంది. ఆంజనేయులు గారు ఇంకా రాలేదని, వచ్చేసరికి లేపి ఉంచుదామని తులసి పాచిక తెచ్చి నాగజ్యోతి చేతిలో పెట్టింది.

“నేను లేపను” అంది నాగజ్యోతి.

“ఏంటక్కా, బలం తగ్గుద్దనా? నా పాయింట్లు తీసుకో.”

“బలం కోసం కాదు. లేపను.”

“రెండేళ్ల కథక్కా!” రోహిత్ గొంతు హెచ్చింది. “ఎవరెవరో ముక్కూమొహం తెలీని శవాలన్నీ లేపావు. కెప్టెన్ని లేపవా? కారణం చెప్పు మరి.”

కారణం చెప్పనని మాటిచ్చింది. ఆమె పాచికను అటూ ఇటూ తిప్పింది. వారమంతా బడిలో నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి. అబద్ధం కల్పించే ఓపిక కూడా లేదు.

“శరీరాన్ని నేను లేపగలను రోహిత్. మాట్లాడదు, తెడ్డేస్తది. అలాంటి సంద్రయ్య నీకు కావాలా? మనిషిగా రావాలంటే ఆయన ఒప్పుకోవాలి. వస్తారేమో ఆయన్నే అడుగు.”

రోహిత్ ఫోను స్పీకర్లో పెట్టాడు. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకునేసరికి ఎత్తారు.

“ఊఁ... ఎవరూ?” నిద్ర గొంతు.

“బాబాయ్ గారూ, రోహిత్‌ని. పడుకున్నారా? మసనమ్మ మిమ్మల్ని పిలుస్తోంది. కెప్టెన్ సంద్రయ్య తిరిగొస్తారా అని.”

అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది. కన్ను మూసి, గొంతు మార్చి ఏదో ఒకటంటారని ముగ్గురూ ఎదురుచూశారు. ఆయన మామూలు గొంతుతోనే మాట్లాడారు.

“రానయ్యా. అలిసిపోయాను. మీ పిన్నికి బాగాలేదు. వారానికి మూడుసార్లు తెనాలి తిరుగుతున్నా. పడుకోనీరా, ఏమనుకోకు.”

“అయ్యో, పడుకోండి బాబాయ్ గారూ, పడుకోండి” అని రోహిత్ గబగబా ఫోను పెట్టేశాడు. నాగజ్యోతి వైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“గురువారం తెలిసింది.”

“ఆయన నిద్ర పాడు చేశాం” అంది తులసి.

రోహిత్ కాగితాలు వరసగా పేర్చాడు, మళ్లీ చెదరగొట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే కథ చెప్పాడు. సంద్రయ్యను తెరచాప గుడ్డలో చుట్టి, ఫిరంగి గుండు ఒకటి కాళ్లకు కట్టారు. మసనమ్మ ఆయన కళ్లు మూసింది. అందుకు పాచిక అక్కర్లేదన్నాడు రోహిత్. అలలు లేని నీళ్లలో వదిలేశారు. షట్టరు పూర్తిగా పైకెత్తి, “ఇవాళ్టికి చాలు” అన్నాడు.

తర్వాత మూడు ఆదివారాలు ఆట లేదు. ప్లాట్‌ఫారం మీద ఒకసారి ఆంజనేయులు గారు, “ఏం చేశారమ్మా వాణ్ని?” అని అడిగారు.

“సముద్రంలో వదిలేశాం బాబాయ్ గారూ.”

“మంచిపని చేశారు” అని నవ్వి, చంద్రకళ గారికి నీళ్ల సీసా మూత తీసి ఇచ్చారు.

నాలుగో ఆదివారం రోహిత్ రమ్మన్నాడు. ఎందుకో తెలియకుండానే నాగజ్యోతి బండెక్కింది. ఓడ కొత్తది, కెప్టెన్ తులసి. మసనమ్మ ఏం చేస్తుందని రోహిత్ అడిగాడు.

“ఏం చెయ్యదు. ఓడ అడుగున బస్తాల మీద పడుకుంటది. కొన్నాళ్లు ఎవర్నీ లేపదు.”

“సరే అక్కా. పడుకోనియ్” అన్నాడు రోహిత్.

తులసి ఓడను ఏదో దీవి వైపు తిప్పింది. గాలి ఎటు ఉందో, నీళ్లు ఎంత లోతో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. వింటూ వింటూ నాగజ్యోతి చేతులు టేబుల్ మీద పెట్టి, వాటి మీద తల ఆనించింది. పాచిక చెక్క మీద టకటకా దొర్లింది. తర్వాత ఎవరో దాని కింద తువ్వాలు పరిచినట్టున్నారు, చప్పుడు మెత్తబడింది. మాటలూ తగ్గు గొంతులోకి వచ్చాయి. “అయిదింటి బండికి లేపుదాం” అని తులసి అంటుండగానే ఆమెకు నిద్ర పట్టేసింది.