గంజాయి కొట్లో మరిచిపోయిన గొడుగు

నేను ఒక గొడుగుని. నల్లబట్ట సగం వెలిసి, రెండు ఊచలు బయటికి పొడుచుకొచ్చిన ముసలిదాన్ని. అయినా ఒక పూట రేగులవలస మునిసిపల్ కౌన్సిలుకు చెమటలు పట్టించాను.

కాకినాడలో హసన్ సాహెబు నా ఊచలు బిగించి, పిడిని మంట మీద వంచి తయారుచేశాడు. నన్ను కొన్నది రిటైరైన హెడ్మాస్టరు భమిడి విశ్వపతి గారు. కొన్న రోజునే నా బట్ట మీద తెల్లరంగుతో తన పేరు రాయించారు. మనుషులకు తమ పేరు అన్నిచోట్లా కనబడాలని ఉంటుంది. ఎక్కడ కనబడకూడదో మాత్రం ముందుగా తోచదు.

ఆ రోజుల్లో గంజాయికి సర్కారు లైసెన్సు కొట్లు ఉండేవి. మా ఊళ్లో ఆ కొట్టు గొర్లె అప్పలనరసమ్మది. భర్త పోయాక లైసెన్సు తన పేరున మార్పించుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని దాని మీదే పెంచుతోంది. కొట్టు ఉంచాలా తీసేయాలా అన్నది ఏటా కౌన్సిలు తీర్మానించి కలెక్టరుకు రాసి పంపాలి. ఆ ఏడు తీసేయాల్సిందేనని పట్టుబట్టిన కౌన్సిలరు మా మాస్టారే. కారణం లేకపోలేదు. ఆయన దగ్గర లెక్కల్లో మొదటివాడిగా నిలిచిన పార్వతీశం ఇప్పుడు పొద్దస్తమానం ఆ కొట్టు ముందు బల్ల మీద పడి ఉండేవాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నా పిడి మీద మాస్టారి వేళ్లు బిగుసుకునేవి.

అదే మాస్టారు పదిహేను రోజులకొకసారి, వాన పడే సాయంత్రం చూసుకుని, నన్ను ముఖం మీదికి వంచుకుని ఆ కొట్టుకే వెళ్లేవారు. భార్య సీతారత్నం గారికి ముఖంలో నరాల నొప్పి. వైద్యుడు గంజాయి ఆకు కలిపి చేసిన లేహ్యం తింటే తప్ప ఆవిడ ముద్ద నమలలేరు. ఆయన ముఖాన్ని నేను బాగానే కప్పాను. నా నెత్తి మీదున్న పేరునే కప్పలేకపోయాను.

సమావేశానికి ముందురోజు వాన మధ్యలోనే వెలిసింది. మాస్టారు పొట్లం నడుముకు దోపుకుని, నన్ను కొట్టు అరుగు మీదే వదిలేసి వెళ్లిపోయారు.

మర్నాడు కౌన్సిలులో ఆయన అరగంట మాట్లాడారట. చైర్మన్ పొట్నూరు కామేశం గారు చేతులెత్తమని అడగబోతుండగా అప్పలనరసమ్మ నన్ను ఒక చేత్తో, గుడ్డసంచిని ఇంకో చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. ఎవర్నీ బెదిరించాలని రాలేదు. తన కొట్టు సంగతి ఏం తేలుస్తారో విందామని వచ్చింది, పనిలో పనిగా నన్నూ తెచ్చింది. ఆ మాట సభకు తెలియదు.

"మాస్టారూ, నిన్న మా అరుగు మీద గొడుగు మరిసిపోనారు," అని నన్ను ఆయన ముందు పెట్టింది.

తెల్లరంగు పేరు అందరికీ కనబడింది. ఒకాయన పకపకా నవ్వారు. ఆమె వెనక బెంచీ మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. నవ్వినాయన చూపు సంచి మీద పడి నవ్వు ఆగిపోయింది. ఇంకొకాయన తన చేతికర్ర పక్కనే ఉందో లేదో తడుముకున్నారు. చైర్మన్ గారు కండువా చూసుకున్నారు. సంచిలో ఉన్నవి మధ్యాహ్నానికి ఆమె తెచ్చుకున్న రెండు రొట్టెలూ ఒక ఉల్లిపాయా.

మాస్టారు లేచారు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"గొడుగు నాదే. మా ఆవిడ నొప్పికి ఆకు కొనడానికి ఏడాదిగా వెళ్తున్నాను. ఆ సంగతి దాచి ఇంతసేపు ఉపన్యాసం ఇచ్చినందుకు సిగ్గుగా ఉంది. నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ తీర్మానాన్ని ఇంకెవరైనా పెడతారా అని చైర్మన్ గారు చుట్టూ చూశారు. అందులోంచి ఇంకెవరి వస్తువు బయటికొస్తుందోనని అందరూ సంచినే చూస్తున్నారు. కొట్టు ఇంకో ఏడాదికి నిలిచింది.

ఇంటికొచ్చాక మాస్టారు భార్య దగ్గర బాధపడ్డారు. నీకోసం పార్వతీశాన్ని వదిలేసినట్టయిందన్నారు. సీతారత్నం గారు దవడ పట్టుకుని మెల్లగా చెప్పారు: "నన్ను అడ్డం పెట్టుకోకండి. వాడు మీ శిష్యుడు. వెళ్లి వాడి పక్కన కూర్చోండి."

కూర్చున్నారు. పట్టపగలు నన్ను తెరిచి పట్టుకుని నడివీధిలో నడిచి వెళ్లి, ఆ బల్ల మీదే కూర్చుని, పార్వతీశాన్ని త్రిభుజాల గురించి ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. రోజూ అదే పని. వచ్చేవాళ్లలో ఆయన దగ్గర చదవనివాళ్లు తక్కువ. చిలుం తీయబోయిన నలభై ఏళ్ల మనిషి ఆయన్ని చూసి చేతులు కట్టుకుని నిలబడేవాడు. హెడ్మాస్టరు ఎదుట మత్తెక్కించుకోవడం ఎవరివల్లా కాలేదు. నాలుగో వారంలో పార్వతీశం లేచి వెళ్లిపోయాడు. పూర్తిగా మానేశాడని నేను ప్రమాణం చేయను. పొద్దున్నే మిల్లు కూత వినబడగానే పనికి పరుగెత్తడం మాత్రం చూశాను.

అప్పలనరసమ్మ పదిరోజులు మాస్టారితో మాట్లాడలేదు. ఆమె కోపంలో న్యాయముంది, పిల్లల నోటి దగ్గర కూడది. తర్వాత అదే అరుగు మీద మూకుడు పెట్టి బఠాణీలు వేయించి అమ్మసాగింది. బఠాణీల బుట్ట మీద ఎండ పడకుండా కట్టుకోమని మాస్టారు నన్ను ఆమెకే ఇచ్చేశారు. ఇప్పటికీ నేనక్కడే ఉన్నాను.

ఏడాది తిరిగి లైసెన్సు దరఖాస్తు పెట్టే రోజు వచ్చింది. మాస్టారు పొట్లం కోసం వచ్చి నిలబడ్డారు.

"ఇంకెవులూ రావట్నేదు మాస్టారూ. మీ ఒక్కరి కోసం ఈ లైసెన్సు పెట్టుకు కూకోవాలా?"

"మా ఆవిడకి నొప్పి ఇంకా తగ్గలేదమ్మా."

అప్పలనరసమ్మ మూకుడు దించి, చేతులు తుడుచుకుని, దరఖాస్తు మీద వేలిముద్ర వేసింది.