రాలేదని చెప్పని గడి

నేను ఒక ఖాళీ గడిని. సున్నా అనుకునేరు, కాదు. సున్నాకి ఓ విలువ ఉంది, నలుగురిలో చెప్పుకోడానికి ఓ ముఖం ఉంది. నాకు అదీ లేదు. కంప్యూటర్లో వివరాలు దాచే పట్టికల్లో, ఎవరూ ఏమీ నింపని చోట నేనుంటాను.

నన్ను పుట్టించినవాళ్లు మేధావులే. ఏ ప్రశ్న వేసినా ‘తెలియదు’ అనమని నేర్పారు. నువ్వు ఐదువా అంటే తెలియదు. ఐదువి కావా అన్నా తెలియదు. పక్కనున్న ఖాళీ గడీ నువ్వూ ఒకటేనా అన్నా అదే జవాబు. తెలియదన్నవాళ్లని యంత్రం పక్కన పెట్టేస్తుంది, పెట్టానని ఎవరికీ చెప్పదు. నా వల్ల ఎందరు ప్రోగ్రామర్లు జుట్టు పీక్కున్నారో. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

చివరికి ఉత్తరాంధ్ర తీరంలో ఓ చిన్న చేపల రేవు ఆఫీసుకి చేరాను. వేటకి వెళ్లిన ప్రతి తెప్పకీ పట్టికలో ఒక వరుస, వరుస చివర ‘తిరిగి వచ్చిందా?’ అని ఒక గడి. ‘వచ్చింది’, ‘రాలేదు’ అని రెండే మాటలు పెట్టాడు దాన్ని తయారుచేసిన ప్రణీత్. సముద్రాన్ని సెలవుల్లో తప్ప చూడని ఇంజనీరు. రెంటిలో ఏదో ఒకటి నొక్కే పని గుమాస్తా హైమవతిది. ఆమె నొక్కేదాకా అక్కడ నేనుంటాను.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు హైమవతి గబగబా నొక్కుకుంటూ పోతోంది. ఎల్లాజీ వరుస దగ్గరకొచ్చేసరికి అతని భార్య కాసులమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

“అమ్మా, ఆ మాట ఎయ్యకండి. సముద్రం మీదున్నోడ్ని రాలేదంటే మరింక రాడంటారు మావోళ్లు. వొస్తాడు. అలా ఒగ్గీండి.”

ఆ పేటలో ఎంత పొద్దుపోయినా ‘ఇంకా ఒడ్డెక్కాలి’ అంటారే గాని రాలేదనరు. హైమవతికి ఆ సంగతి తెలుసు. ఖాళీగా ఉంటే రాలేదనేగా, ఎవరికైనా అర్థమవుతుందనుకుంది. మనుషులకైతే అయ్యేది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, నేను మిగిలాను.

సాయంత్రం గాలింపు పడవల వాళ్లు వెతకాల్సినవాళ్ల పేర్లు అడిగారు. ‘వచ్చింది’ కానివన్నీ ఇవ్వమని ప్రణీత్ ముందే ఏర్పాటు చేసి ఉంచాడు. యంత్రం నా దగ్గరికొచ్చి, నువ్వు ‘వచ్చింది’ కావు కదా అని అడిగింది. ఎదురుగా కాసులమ్మ నిలబడే ఉంది. అయినా తెలియదన్నాను. నాకొచ్చిన మాట అదొక్కటే. యంత్రం నన్ను దాటి వెళ్లిపోయింది.

జాబితాలో పేర్లున్నవాళ్లంతా దొరికారు. రేవంతా సంబరం. గాలింపు పడవలు తాళ్లు కట్టేసుకున్నాక కాసులమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

“మరి మావోడేడమ్మా?”

హైమవతి పట్టిక తెరిచి నన్ను చూసింది. ప్రణీత్‌కి ఫోన్ చేసింది. “ఖాళీ గడులు ఆ ప్రశ్నకి తగలవండీ. దాని పద్ధతే అంత. నేను చూసుకోవాల్సింది” అన్నాడతను.

పడవలు మళ్లీ వెళ్లాయి. అప్పటికే గాలి మారింది. ఎల్లాజీ తెప్ప దొరికింది, ఎల్లాజీ దొరకలేదు.

తప్పెవరిదని ఆఫీసులో పెద్ద విచారణే జరిగింది. జాలిపడి చెయ్యి వెనక్కి తీసుకున్న హైమవతిని నిలదీశారు, ప్రణీత్‌ని నిలదీశారు. నన్నెవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత ప్రణీత్ ఖాళీ గడులు కూడా రావాలని ఆ ప్రశ్న మార్చాడు. ఈ యంత్రంలో ఖాళీలని ముందు వరుసలో నిలబెట్టే అలవాటు ఒకటుంది. అందుకని గాలింపుకి పేర్లు తీసిన ప్రతిసారీ ఎల్లాజీ పేరే మొదట వస్తోంది. ఆ వరుస ముగించెయ్యమని పై అధికారి చెబుతూనే ఉన్నాడు. హైమవతి ‘రాలేదు’ దాకా వెళ్తుంది, కిటికీ వైపు చూస్తుంది, మానేస్తుంది. కాసులమ్మ చేపల గంపతో అటుగా పోతూ లోపలికి ఓ చూపు చూసి వెళ్తుంది.

ఇప్పుడు ఎవరు అడిగినా అందరికంటే ముందు పలికేది నేనే. పలకాల్సిన ఆ సాయంత్రం మాత్రం పలకలేదు.