నీడలో ఆరే గుడ్డలు

"ఏమే, ఈ గుడ్డ చూడు, అప్పడం మాదిరి అయ్యిండాది. ఏం పౌడరేసినావు దీనికి?"

పొద్దున్నే వాకిట్లో కారు తుడుచుకుంటూ మా ఆయన కేశవ వేసిన కేక అది. నేను పెనం మీద జొన్నరొట్టెకు తడిచెయ్యి అద్దుతున్నాను. మన బట్టలకు వేసేదే వేశానన్నాను.

"మన బట్టలూ ఇవీ ఒగటేనా? మైక్రోఫైబర్ ఇది. పౌడర్ పలుకులు దీంట్లో ఇరుక్కోని బానెట్ మీద గీతలు పడతాండాయి. వీడియో పంపినా, చూడు. చూసి మంచి లిక్విడ్ ఏదో నువ్వే తెచ్చుకో."

తెచ్చుకో అన్నాడు, నాకేదో చీర కొనుక్కోమన్నట్టు.

కళ్యాణదుర్గం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బాడుగలు తిప్పే తెల్ల కారు మాది. మాది అంటే ఆయనది. దానికి పదకొండు గుడ్డలు. అద్దాలకు నీలం, బాడీకి పసుపు, చక్రాలకు బూడిదరంగు. వీడియోలో ఎవరో ఒకాయన చేతులకు గ్లౌజులు వేసుకుని మరీ చెప్పాడు. పౌడర్ వద్దు, సబ్బుబిళ్ల వద్దు, బ్లీచింగ్ వద్దు, బట్టలు మెత్తబడేందుకు పోసే కండిషనర్ అసలు వద్దు, అది పోస్తే గుడ్డ నీళ్లు పీల్చదట. వేడినీళ్లు తగలనివ్వకూడదు. మామూలు బట్టలతో కలిపి ఉతకకూడదు. ఎండలో ఆరేయకూడదు, నీడలోనే ఆరాలి. కుక్కర్ ఐదు విజిల్స్ వేసేలోపు రెండుసార్లు చూశాను. ఈ ఊరి ఎండలో మిద్దెమీద దుప్పట్లు పిండి ఆరేసే మనిషికి ఆ చివరి మాట విని నవ్వో ఏడుపో రావాలి. ఏదీ రాలేదు. వరండాలో ఇంకో తాడు కట్టాను.

ఈ మధ్య నాకు ఏదీ రావడం లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను, మా బోరునీళ్లలో సబ్బు ఎందుకు నురగ రాదో సమీకరణంతో సహా రాయగలను. నీళ్లలో ఉప్పులు ఎక్కువ, సబ్బు ముందు వాటికే సరిపోతుంది, మురికి దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. అందుకని రెండింతలు వేయాలి. ఆ రెండింతలూ నా చేతుల్లోంచే పోవాలి. కొళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తే అవి తాగడానికి పట్టుకుంటాం. "డిగ్రీ సదివిన కోడలని తెచ్చుకుంటిమి, బట్టల్లో ఉప్పునీళ్ల తెల్లచారలు పోగొట్టేది తెల్దు" అని మా అత్త గంగాదేవమ్మ పెళ్లయిన కొత్తలో అన్న మాటకు రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు అదే మాటకు "అవునత్తా" అంటాను. వేళ్ల చివర్లు పగిలి, మాని, మళ్లీ పగిలి, నున్నగా అయిపోయాయి. పెనం అంచు తగిలినా చురుక్కుమనదు. ఆ గుడ్డలు మాత్రం నా వేళ్లను వదలవు. వేళ్ల పక్కన పగిలిన చర్మానికి పల్లేరుకాయల్లా పట్టుకుంటాయి. అది చూసి కేశవ అన్నాడు కదా, "నీ చేతులు తగిలి గుడ్డకు పోగులు లేస్తాండాయి. మెల్లగా పిండు" అని.

జమాల్ బాషా అంగట్లో సీసాలు ఒక్కొక్కటీ తిప్పి చదివాను. వాసన లేనిది, కండిషనర్ కలపనిది కావాలన్నాను. సీసా అందుకుంటూ బాషా నా చెయ్యి చూశాడు.

"ఏమక్కా, చేతులు ఇట్లయినాయే! ఇది తీస్కపో, సంటిబిడ్డల బట్టలకని తెప్పించినా. శానా మెత్తన."

"కారు గుడ్డలకు బాషా."

"కారుకా!" అన్నాడు. సీసా సంచిలో వేశాడు.

గుడ్డలు మెత్తబడ్డాయి. కేశవ చెంపకు అద్దుకుని చూసి "ఇప్పుడైందప్పా" అన్నాడు. నా వైపు కాదు, గుడ్డ వైపు చూసి.

ఆ వారంలోనే కుందుర్పి నుంచి మా నాయన నల్లప్ప వచ్చాడు, తన రెండెకరాలు నా పేరున రాయించడానికి. వేరుశెనగ వేస్తే మూడేళ్లకొకసారి పండే చెలక. దాంతో నా బతుకు మారుతుందని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కానీ ఇల్లు కేశవ పేరున ఉంది. గ్యాసు పుస్తకం అత్త పేరున. నా చేతిలో ఉన్న ఫోను సిమ్ కూడా ఆయన పేరునే. నా పేరు రాసున్న కాగితం ఒక్కటి బీరువాలో ఉంటే చూడాలని ఉంది. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో నాకు కావాలని అనిపించింది అదొక్కటే, అందుకని ఎవరికీ చెప్పలేదు.

రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రల మిషను. నాయన వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. యాభై ఏళ్లు గడ్డపార పట్టిన వేలు. నాది పెడితే ఎర్రలైటు. తుడిచి పెట్టమన్నారు, ఎర్రలైటు. చూపుడువేలు, ఉంగరంవేలు, ఎడమచెయ్యి, పదివేళ్లూ అయిపోయాయి. గాజుపలక మీద వేలు ఆనిందో లేదో కూడా నాకు తెలియడం లేదు, కళ్లతో చూసుకుంటూ పెట్టాను. ఆఫీసు మేడం నా చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"గీతలే లేవే! ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

నేను నోరు తెరిచేలోపు కేశవ అన్నాడు, "ఏమీ చేయదు మేడం. ఇంట్లోనే ఉంటాది."

మేడం నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "పదైదు దినాలు సబ్బుల్లో చేతులు పెట్టద్దు, కొబ్బరినూనె రాయి. చర్మం వస్తే ముద్ర పడుతుంది" అంది.

మెట్లు దిగుతుండగానే కేశవ నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "మళ్లీ ఈ తిరుగుడు ఎందుకు మామా, నా పేరుతో రాయించేయ్. మేమిద్దరం ఒగటే కదా. పోనీ, మళ్లీ వచ్చినప్పుడు కూడా ముద్ర పడకపోతే నా పేరుకే, సరేనా?"

నాయన కండువా దులుపుకున్నాడు. "సూద్దాంలే అల్లుడా" అన్నాడు. బస్సెక్కేముందు నా రెండు చేతులూ పట్టుకుని చూసి, "నాకంటే ఎక్కువ సేద్యం చేసినావేమ్మా" అన్నాడు.

ఇంట్లో మేడం చెప్పిన మాట చెప్పాను. అత్త పెద్ద మనసు చేసుకుంది. "గిన్నెలు నేను తోముతా, బట్టలకు ఎవరినన్నా చూద్దాం. ఆ కారు గుడ్డలు మాత్రం నాకు తెల్దమ్మా, యాడన్నా తప్పు చేస్తే వాడు అరుస్తాడు."

"ఆ గుడ్డలు పిండితే నీ చేతులకేమైతాది?" అన్నాడు కేశవ. "సంటిబిడ్డల లిక్విడే కదా. అది కూడా పడదంటే ఇంకోటి సూడు. నా గుడ్డలకూ నీ వేళ్లకూ రెండిటికీ సరిపోయేది. సదువుకున్న దానివి, ఆ మాత్రం తెల్సుకోలేవా?"

మళ్లీ బాషా అంగడి. మళ్లీ సీసాలు. చిన్న అక్షరాలు చదువుతూ ఎంతసేపు నిలబడ్డానో, బాషా ఫ్యాను నా వైపు తిప్పాడు. గ్లౌజులు కొనుక్కోవచ్చు కదా అంటారేమో, అవీ అక్కడే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఒక జత చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు ఆలోచన వచ్చింది. గుడ్డలు ఉతకడం నా పని. ఏ సబ్బు వెయ్యాలో వెతకడం నా పని. ఆ సబ్బు నా చేతులను తింటే, తినకుండా ఎట్లా ఉతకాలో కనిపెట్టడమూ నా పనే. ఆ గుడ్డకు ఏది పడదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నాకేది పడదో ఒక్కరైనా, కనీసం నేనైనా, ఒక సీసా తిప్పి చదివామా? ఛీ, అనిపించింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి అనిపించింది. గ్లౌజులు కొక్కేనికి తగిలించాను. కొబ్బరినూనె సీసా ఒకటి తీసుకున్నాను.

"లిక్విడ్ దొరకలేదా?" అన్నాడు కేశవ.

"దొరికింది. తేలేదు. పదైదు దినాలు నీళ్లల్లో చెయ్యి పెట్టను" అన్నాను.

నా గొంతు పెరగలేదు. ఆయన చాలానే అన్నాడు. "రెండెకరాల దొరసాని" అన్నాడు. "మీ నాయన చెలకలో బంగారం పండతాది, పో" అన్నాడు. అత్త తోమిన ప్రతి గిన్నెనూ రాతి మీద గట్టిగా బోర్లించింది. రోజూ రాత్రి అన్నాలయ్యాక నూనె రాసుకుని కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఖాళీగా కూర్చోవడం నాకు రాదని అప్పుడే తెలిసింది. మొదటి మూడు రోజులు మాటిమాటికీ లేచి మళ్లీ కూర్చున్నాను. ఐదో రోజు కేశవ గుడ్డలన్నీ కలిపి బకెట్లో వేసి, సబ్బుబిళ్ల రుద్ది, మిద్దెమీద ఎండలో పరిచాడు. పదకొండూ అప్పడాలయ్యాయి. నేను చూశాను. లేవలేదు. పదో రోజు రొట్టె తిప్పబోతే పెనం అంచు తగిలి చురుక్కుమంది. "అబ్బా!" అని అరిచాను. అత్త పరిగెత్తుకొచ్చింది. నేను వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. నొప్పి ఎంత బాగుందో ఆమెకు ఎట్లా చెప్పను.

పదహారో రోజు మళ్లీ ఆఫీసు. నాయన ఒకవైపు, కేశవ ఒకవైపు. కేశవ ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని వచ్చాడు, అవసరం పడుతుందని. వేలు పెట్టాను. గాజుపలక చల్లగా తగిలింది.

మొదట ఎర్రలైటు. మేడం "ఇంకొంచెం ఒత్తు" అంది. ఒత్తాను.

పచ్చలైటు.

"అబ్బ, పడిందే! ఏం చేసినావమ్మా ఈ పదైదు దినాలు?" అంది మేడం.

కేశవ నోరు తెరిచాడు. ఈసారి నేనే ముందు అన్నాను.

"ఏమీ చేయలేదు మేడం. ఇంట్లోనే ఉన్నా."